గోరంత సంగతి

గోరంతను కొండంత చేయడం మంచి గుణం కాదని పెద్దలు చెబుతారు. పనిలేక కూర్చున్నవాణ్ణి గోళ్ళు గిల్లుకొంటున్నాడంటారు. తేలికగా జరిగిపోయే పనిని కొనగోటితో చేయవచ్చునంటారు. ఈ విధంగా మన భాషలో గోటికి దక్కిన గౌరవం బహు స్వల్పం. అయినప్పటికీ ఈ సంచికలో కొంత చోటు గోళ్ళకు కేటాయించవలసిందని సంపాదకవర్గాన్ని కోరాము. ఉద్యోగరీత్యా విశాఖపట్నం నుండి కలకత్తాకు బదిలీ అయి వచ్చి మాకు ఎన్నో సంవత్సరాలయింది. 2001 నుండి ఈ ఊరిని కోల్‌కతా అని వ్రాస్తున్నారు గాని మా నోట ఇంకా పాత పేరే పలుకుతున్నది. ఈ నగరంలో మేము నేర్చుకొన్న అనేక విషయాలలో ఎదుటివారి గోళ్ళను, మా గోళ్ళను కాస్త శ్రద్ధగా చూడడం ఒకటి.

ముందుగా గోరు అంటే ఏమిటో గోరింటాకు సాయంతో చెప్పుకొందాము. ఆషాఢమాసంలో మన ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకొంటారు. అరచేతి ఎరుపు పది పదిహేను రోజులలో వెలిసిపోతుంది. గోటి ఎరుపు పోదు. శ్రావణంలో గోటి మొదట్లో సన్నని తెల్లని అంచు పొడచూపుతుంది. భాద్రపదం గడిచేసరికి ఎరుపు సగం పైకి జరుగుతుంది. కార్తిక దీపాలనాటికి అది గోటి కొన మీద నెలవంకలాగా మిగిలి, ఒకనాడు కత్తెరకు చిక్కి రాలిపోతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుండి కొనకు చేరడానికి ఇంచుమించు 6 నెలలు పడుతుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి 12 నుండి 18 నెలలు కావాలి. మనం చూసే గోరు కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవమైన పలక. దానిని తయారుచేసే జీవకణాలు చర్మపు మడత క్రింద దాగి ఉంటాయి. ఆ కణాలకు గడచిన నెలలలో కలిగిన కష్టసుఖాలన్నీ ఈ పలక మీద కొంతకాలం నిలిచి ఉంటాయి.

ఇందులోనే ఒక ఉపయోగకరమైన పరీక్ష ఇమిడి ఉన్నది. గోటి మీద మచ్చగాని, గీతగాని కనిపించినప్పుడు అది ఏ రంగు అని కంగారుపడడానికి ముందు, అది గోరింటాకులాగా గోటితోపాటు కొనవైపు జరుగుతున్నదా, లేక గోరు పెరుగుతున్నా తానున్న చోటనే ఉన్నదా అని గమనించాలి. జరిగిపోయేది చాలావరకు గతించిన సంగతి. కదలకుండా ఉన్నదానికి కారణం గోటి మూలంలోనో, గోటి క్రిందనో, మరికొన్నిసార్లు శరీరంలో మరెక్కడనో ఇంకా కొనసాగుతున్నదని అర్థం. రెండవ ప్రశ్న, ఒక్క గోటికేనా, అన్ని గోళ్ళకా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు వైద్యుని పని సగం తగ్గించినవారవుతారు.

నిరపాయమైన రంగులే ఎక్కువ. 2011లో రాజమండ్రి నుండి మా అత్తయ్యగారు వచ్చి రెండు నెలలు మా వద్ద ఉన్నారు. ప్రతిదినం స్నానానంతరం కాళ్ళకు పసుపు రాసుకోవడం ఆమెకు అలవాటు. పక్క ఇంటి బెంగాలీ గృహిణి ఒకనాడు మమ్మల్ని పక్కకు పిలిచి, మాసీమాకు కామెర్లు వచ్చినట్లున్నాయి, కాలిగోళ్ళు చూశారా అని మెల్లగా హెచ్చరించింది. సంగతి తెలిసి అత్తయ్యగారు నవ్వి, "కామెర్లయితే కళ్ళు పచ్చబడాలి గాని గోళ్ళెందుకు పచ్చబడతాయమ్మా! నీ కాళ్ళకేమైంది, గోళ్ళ చుట్టూ అంత ఎర్రగా కందిపోయాయి?" అన్నారు. అది ఆల్తా. బెంగాలులో సుమంగళుల పాదాలకు ఆల్తా ఎంతో, గోదావరి తీరాన పసుపు అంత. ఆ పూట ఇద్దరి అనుమానాలూ తీరిపోయాయి. కామెర్లను కంటి తెల్లగుడ్డులో చూడాలన్న అత్తయ్యగారి మాట వైద్యులు కూడా ఒప్పుకొనేదే.

ఎడతెరిపి లేకుండా ముదురు రంగు గోళ్ళరంగు వేసుకొనేవారికి గోరు పసుపుపచ్చగా మారుతుంది. కొంతకాలం మానివేస్తే కొత్త గోరు శుభ్రంగా వస్తుంది. ఇక చిన్న చిన్న తెల్లచుక్కలు. మా చిన్నతనంలో ఆకాశాన కొంగల బారు కనిపిస్తే గోళ్ళు రుద్దుకొంటూ తెల్లచుక్కలు పెట్టమని వాటిని వేడుకొనేవాళ్ళం. ఈనాటి తల్లిదండ్రులు అవే చుక్కలు చూసి సున్నపు ధాతువు లోపించిందని కాల్షియం మాత్రలు కొంటున్నారు. సాధారణంగా అవి గోటి మూలానికి తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు మాత్రమే. ఆటలాడే పిల్లలకు, గోళ్ళు కొరికే పిల్లలకు ఎక్కువగా వస్తాయి. గోటితోపాటు పెరిగి పోతాయి. మాత్రల ఖర్చు అనవసరం.

కలకత్తాలో వర్షాకాలం అంటే మోకాటి లోతు నీటిలో నడిచి కార్యాలయానికి చేరడం, తడిసిన బూట్లతో సాయంత్రం వరకు కూర్చోవడం. ఈ ఊరి కాలిగోళ్ళకు పట్టే తెగుళ్ళలో అగ్రస్థానం బూజుజాతి సూక్ష్మజీవులది. గోరు పసుపో గోధుమరంగో పట్టి, దళసరియై, అంచున పొడిపొడిగా రాలుతుంటే ఆ అనుమానం కలగాలి. అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. ఇటువంటి రూపమే సోరియాసిస్ వల్ల, బిగుతైన బూటు ఒరిపిడి వల్ల కూడా వస్తుంది. బూజుకు వాడే మాత్రలు చేతిగోళ్ళకు సుమారు 6 వారాలు, కాలిగోళ్ళకు సుమారు 12 వారాలు మ్రింగవలసి ఉంటుంది. కాలేయాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. అందుచేత గోటి ముక్కను పరీక్షకు పంపిన తరువాతనే మందు మొదలుపెట్టడం యుక్తం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే మిశ్రమ లేపనాలు మేలు కంటె కీడు ఎక్కువ చేస్తాయి. మధుమేహం ఉన్నవారు కాలిగోటి విషయంలో ఒక్క వారం కూడా ఉపేక్షించరాదు. నిత్యం నీళ్ళలో పనిచేసే చేతులకు గోరుచుట్టు వస్తుంది. దానితోపాటు గోరు ఆకుపచ్చగా మారితే అది సూడోమొనాస్ అనే సూక్ష్మజీవి పని. గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

నలుపు విషయం వేరు. ఇక్కడ కొంత ఎక్కువ చెప్పవలసి ఉన్నది. బంతి ఆట ఈ నగరానికి ఎంత ప్రాణమో చెప్పనక్కరలేదు. మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడిన మరునాడు మా కార్యాలయంలో పని నడవడమే కష్టం. ఆటగాళ్ళ కాలి బొటనవేలి గోరు నల్లబడడం సామాన్యం. గోటి క్రింద గడ్డకట్టిన రక్తమది. నెలలు గడిచేకొద్దీ పైకి జరిగిపోతుంది. కాని జమైకా దేశపు ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి నల్లదనం అటువంటిది కాలేదు. బంతి ఆటలో తగిలిన దెబ్బ అనే మొదట భావించారు. 1977లో పరీక్షించగా గోటి క్రింద మెలనోమా అనే క్యాన్సరని తేలింది. 1981 మే 11న ఆయన మరణించాడు. అప్పటికి వయస్సు 36.

ఈ కథ చదివి మన పాఠకులు నిద్ర చెడగొట్టుకోనవసరం లేదు. చామనఛాయ, నలుపు వర్ణం గల మనవంటి వారికి వయస్సుతోపాటు పలు గోళ్ళలో సన్నని గోధుమరంగు నిలువు చారలు రావడం సహజం. మా ఇద్దరి చేతులకూ ఉన్నాయి. శంకించవలసింది వేరొకటి: ఒక్క గోటిలో, ముఖ్యంగా చేతి లేక కాలి బొటనవేలిలో, కొత్తగా పుట్టి, నెలలు గడిచేకొద్దీ వెడల్పవుతూ, 3 మిల్లీమీటర్లు దాటుతూ, అంచులు చెదిరినట్లుగా ఉండే చార. ఆ నలుపు గోరు దాటి పక్కనున్న చర్మం మీదకు పాకితే, లేక గోరు చీలి రక్తం చెమరిస్తే, ఆలస్యం చేయక చర్మవైద్యుని దర్శించాలి. దెబ్బ తగిలిన జ్ఞాపకం ఉన్నంత మాత్రాన అది దెబ్బే అని తీర్మానించుకోరాదు. బూటు వేసుకొని తిరిగేవారిలో కాలికి ఏదో ఒక దెబ్బ తగలనివారెవరు? గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

అన్ని గోళ్ళూ ఒక్కసారిగా రంగు మారితే కారణం గోటిలో కాక లోపల వెతకాలి. పాలిపోయి, చెంచాలాగా గుంటపడిన గోళ్ళు ఇనుపధాతువు లోపానికి గుర్తు. నీలివర్ణానికి ఆయాసం తోడైతే అది మరునాటి వరకు ఆగే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గోరు దాదాపు అంతా తెల్లబడి కొనన మాత్రం సన్నని ఎర్రని పట్టీ మిగిలితే కాలేయాన్ని, మొదటి సగం తెల్లగా, చివరి సగం ఎర్రగానో గోధుమరంగుగానో ఉంటే మూత్రపిండాలను పరీక్షిస్తారు. బి-12 విటమిన్ లోపం వల్ల గోళ్ళు నల్లబడవచ్చు. క్యాన్సర్ చికిత్సలో వాడే మందుల వల్ల కూడా అంతే. టెట్రాసైక్లిన్ జాతి మందులు కొందరి గోళ్ళకు రంగు పులుముతాయి. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది మన భీమవరంలో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో పరిశోధన సాగిన లెడర్లీ సంస్థ నుండే. కాబట్టి వాడుతున్న మందుల పేర్లన్నీ వైద్యునికి చెప్పడం ముఖ్యం.

ఇక ఈ ఊరికి, దీని చుట్టుపట్ల పల్లెలకు ప్రత్యేకించిన సంగతికి వస్తాము. నీరు మనిషి మీద సంతకం చేస్తుందన్న విషయం తెలుగువారికి కొత్త కాదు. నల్లగొండ పిల్లల పళ్ళ మీద ఫ్లోరైడ్ గోధుమరంగు మచ్చలు మనలో చాలామంది చూసినవే. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలలో ఈ జబ్బు 1937లోనే గుర్తింపబడింది. అక్కడ పళ్ళ మీద వ్రాసిన నీరు ఇక్కడ అరచేతుల మీద, అరికాళ్ళ మీద, గోళ్ళలో వ్రాస్తున్నది. ఆ సిరా పేరు ఆర్సెనిక్. మన పూర్వులు పాషాణం అన్నది దీనినే.

సాల్ట్ లేక్‌లోని మా క్వార్టరులో పాత్రలు కడిగి, ఇల్లు తుడిచే ఆవిడను ఇక్కడి పద్ధతి ప్రకారం మాసీ అని పిలిచేవాళ్ళం. ఆమెకు మేము దాదా, బౌది. దేగంగా వైపు పల్లె నుండి తెల్లవారుజామున హసనాబాద్ లైను బండి ఎక్కి వచ్చేది. 2009లో ఆమె గోళ్ళు నల్లగా, మందంగా మారి పెళుసుబారుతున్నాయని గమనించాము. అందరూ సబ్బునీటి ప్రభావమన్నారు. చేతి తొడుగులు కొనిపెట్టాము. ఫలితం కనిపించలేదు. చేతులు త్రిప్పి చూస్తే అరచేతులలో శనగగింజలవంటి గట్టి బుడిపెలు ఉన్నాయి. అరికాళ్ళలోనూ అవే ఉన్నాయన్నది. మెడ క్రింద చర్మం మీద దుమ్ములో చినుకులు పడినట్లు తెలుపు నలుపు చుక్కలు. సబ్బు అరికాళ్ళకు, మెడకు ఎట్లా పోతుంది?

చిత్తరంజన్ అవెన్యూలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు తీసుకొనిపోయాము. అక్కడి వైద్యుడు గోళ్ళను ఒక క్షణం చూసి, అరచేతులు త్రిప్పి చాలాసేపు చూశాడు. సబ్బు మాట ఎత్తలేదు. "ఏ పంపు నీరు త్రాగుతున్నారు? ఎన్నేళ్ళ నుండి? ఆ పంపు నీరు త్రాగేవారు ఇంట్లో ఎందరు?" అని అడిగాడు. పదహారేళ్ళుగా పెరటిలోని చేతిపంపు. త్రాగేవారు ఐదుగురు. ఆమె గోళ్ళ ముక్కలు, కొంత జుట్టు కత్తిరించి పరీక్షకు పంపారు. ఆర్సెనిక్ కెరాటిన్‌లోని గంధకాన్ని పట్టుకొని ఉండిపోతుంది. రక్తంలో కొద్దికాలంలోనే కనుమరుగయ్యే విషం గోటిలోనూ జుట్టులోనూ నెలల తరబడి దొరుకుతుంది. ఆరోగ్యవంతుల గోళ్ళలో కిలోగ్రాముకు సుమారు అర మిల్లీగ్రాము నుండి ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. ఆమె గోళ్ళలో అది అనేక రెట్లున్నది.

మాసీ భయపడినది తన ప్రాణానికి కాదు. ఇంటి వద్ద పెద్ద కుమార్తెకు సంబంధం చూస్తున్నారు. ఈ మచ్చలు అంటువ్యాధి అని ఆ పల్లెలలో నమ్మేవారు ఎందరో ఉన్నారు. దాని పేరు బయటపడితే పిల్ల పెళ్ళి ఆగిపోతుందని, ఎవరికీ చెప్పవద్దని మా చేతులు పట్టుకొని ఏడ్చింది. ఇది అంటదని వైద్యుడు మూడుసార్లు చెప్పాడు. ఆ మాట ఆమెకు కాదు, ఆమె ఊరికి చెప్పవలసింది. చివరకు ఆమెను ఒప్పించినది ఒక్క విషయమే. కుమార్తెల చేతులు ఇంకా శుభ్రంగా ఉన్నాయి, పంపు మారిస్తే అవి అట్లాగే ఉండే అవకాశం ఉన్నది. ఆ నెల నుండి పిల్లలిద్దరూ అర కిలోమీటరు దూరంలోని కుళాయి నుండి బిందెలతో నీరు తేసాగారు. ఇంటాయన మాత్రం తండ్రి వేయించిన పంపు నీరు చెడ్డదంటే చాలాకాలం ఒప్పుకోలేదు.

ఈ జబ్బును ఈ రాష్ట్రంలో మొదట పసిగట్టినది ఆ సంస్థలోనే. 1983లో చర్మవ్యాధుల నిపుణులు డాక్టర్ కె.సి. సాహా తమ వద్దకు వచ్చిన గ్రామీణుల చర్మం చూసి, దాని మూలం వారి త్రాగునీటిలో ఉన్నదని గుర్తించారు. 1988 నుండి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు దీపాంకర్ చక్రవర్తి పల్లె పల్లె తిరిగి నీటిని, గోళ్ళను, జుట్టును సేకరించి పరీక్షింపజేశారు. 2018లో ఆయన కన్నుమూశారు. మాల్దా, ముర్షీదాబాద్, నదియా, ఉత్తర, దక్షిణ 24 పరగణాల జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. విచారకరమైన విషయమేమంటే చెరువునీటి వల్ల వచ్చే కలరా, అతిసారం నుండి ప్రజలను కాపాడదామనే సదుద్దేశంతోనే ఈ గొట్టపుబావులు విస్తరించాయి. గంగామైదానపు ఒండ్రుమట్టిలో సహజంగా ఉన్న ఆర్సెనిక్ ఆ లోతులోని నీటిలో కరిగి ఉన్నదని ఆనాడు ఎవరూ పరీక్షించలేదు.

పుస్తకాలలో ఆర్సెనిక్ పేరు చెప్పగానే గోటికి అడ్డంగా వచ్చే తెల్లని గీతలను వర్ణిస్తారు. 1900లో మాంచెస్టరు నగరంలో బీరు తయారీకి వాడిన చక్కెరలో ఆర్సెనిక్ కలిసి వేలమంది జబ్బుపడ్డారు. వారి గోళ్ళలోని మార్పులను రెనాల్డ్స్ అనే వైద్యుడు నమోదు చేశాడు. 1919లో వర్ణించిన డచ్చి వైద్యుడు మీస్ పేరు ఆ గీతలకు స్థిరపడింది. అన్ని గోళ్ళలో ఒకే ఎత్తున అడ్డగీత ఉంటే, గోటి మొదటి నుండి దాని దూరం కొలిచి విషం ఒంట్లో చేరిన కాలాన్ని అంచనా వేయవచ్చు. ఇక్కడ కూడా గోరింటాకు లెక్కే. తీవ్రమైన జ్వరాలు, కొన్ని మందులు కూడా అటువంటి గీతలు తెస్తాయి. అయితే అది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడినప్పటి మాట. బెంగాలు పల్లెలలో వలె దినదినం కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి లోపలికి పోయినప్పుడు గీత స్పష్టంగా కనిపించకపోవచ్చు. మాసీ గోళ్ళ మీద గీతలు లేవు. గోటి పైరంగు అనుమానం కలిగించింది, అరచేయి దారి చూపింది, గోటి ముక్క సాక్ష్యం చెప్పింది.

ఈ జబ్బును ఇట్టే పోగొట్టే మందు లేదు. మంచినీరు, పుష్టికరమైన ఆహారం, బుడిపెలు మెత్తబడడానికి యూరియా, సాలిసిలిక్ ఆమ్లం కలిసిన లేపనాలు. ఏళ్ళు గడిచాక చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉన్నందున ఏటేటా చూపించుకోవాలి. రెండేళ్ళకు మాసీ అరచేతులు కొంత మెత్తబడ్డాయి. పెద్దపిల్ల పెళ్ళి 2012లో జరిగింది. మేము వెళ్ళి భోజనం చేసి వచ్చాము.

మన సిబ్బందికి ఇందువల్ల కలిగే ప్రయోజనం కూడా చెప్పాలి. కలకత్తా నగరపు కుళాయినీటిలో అధికభాగం హుగ్లీ నదిది. 1860ల చివరలో నెలకొల్పిన పల్తా కేంద్రం నుండి ఈనాటికీ శుద్ధియై వస్తున్నది. దాని విషయంలో ఈ భయం అక్కరలేదు. కాని దక్షిణ కలకత్తాలోని కొన్ని గొట్టపుబావులలో కూడా ఆర్సెనిక్ కనిపించింది. సొంత బోరింగు ఉన్న అపార్ట్‌మెంటులో నివసించేవారు నీటిని ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో సూచించింది. నీరు కాచితే ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ వల్ల కూడా లాభం లేదు. రంగు, రుచి, వాసన ఏవీ లేనిది కావున నాలుకను నమ్ముకొని ప్రయోజనం లేదు. ఇంట పనిచేసేవారి చేతులు కూడా ఒకసారి చూడండి. వారు పనిచేసేది మన ఇంట, త్రాగేది వారి ఊరి నీరు.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు గోళ్ళరంగు పూర్తిగా తుడుచుకొని వెళ్ళాలి. గోళ్ళను గీకి, పాలిష్ పట్టి అందంగా తయారుచేసుకొని వెళితే ఆయనకు చూడడానికి ఏమీ మిగలదు. పరీక్షకు ముక్క కావలసి రావచ్చును గనుక మరీ చివరంటా కత్తిరించుకోవద్దు. మచ్చ జరుగుతున్నదో లేదో తెలియడానికి నెలకొకసారి, పక్కన స్కేలు పెట్టి, తేదీ వేసి చేతిఫోనుతో తీసిన బొమ్మలు బహు ఉపకరిస్తాయి. నల్లచార విషయంలో మాత్రం బొమ్మలు తీస్తూ నెలలు గడపక ముందు చూపించుకోవాలి. చేతిగోటి కోసం వెళ్ళినా సరే, పది కాలిగోళ్ళను కూడా ఆయన చూడాలంటాడు. అక్కడ బూట్లు, మేజోళ్ళు విప్పడానికి మొహమాటపడవద్దు.